రుడాల్ఫ్ కరాచోలా

రుడాల్ఫ్ కరాచోలా (1901 జనవరి 30 - 1959 సెప్టెంబర్ 28) ప్రసిద్ధి చెందిన జర్మన్ కారు పందేల డ్రైవరు. మెర్సిడెస్-బెంజ్ సంస్థ తరఫున 1935, 1937, 1938 సంవత్సరాలలో యూరోపియన్ గ్రాండ్ ప్రి ఛాంపియన్‌గా నిలిచాడు. జర్మన్ గ్రాండ్ ప్రిని ఆరు సార్లు గెలుచుకున్నాడు. వానలో కారు నడపడంలో ఈయనకున్న నైపుణ్యం వలన జర్మనీ ప్రజలు ఈయనను వాన మొనగాడు అనే అర్థం వచ్చే బిరుదుతో పిలిచేవారు.

1938 జనవరి 28న ఫ్రాంక్‌ఫర్ట్ - డార్మ్‌స్టాట్ ఆటోబాన్ మీద ఈయన గంటకు 432.7 కిలోమీటర్ల వేగాన్ని సాధించాడు. ప్రజల రాకపోకలకు వేసిన రోడ్డు మీద నమోదైన అత్యధిక వేగంగా ఈ రికార్డు 79 సంవత్సరాల పాటు నిలిచింది. అదే రోజున, అదే రోడ్డు మీద, ఆ వేగాన్ని దాటబోయి ఈయన ప్రత్యర్థి బెర్న్‌ట్ రోజ్‌మేయర్ మరణించాడు.

బాల్యం, తొలి జీవితం

కరాచోలా జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న రేమాగెన్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు మాక్సిమిలియన్, మతిల్డె. వారికి హోటలు, ద్రాక్షసారా వ్యాపారం ఉండేవి. ఇంటిపేరు ఇటలీ దేశపుది. వీరి పూర్వీకులు ఇటలీలోని నేపుల్స్ ప్రాంతం నుండి వచ్చి, పదిహేడవ శతాబ్దంలో జరిగిన ముప్పై సంవత్సరాల యుద్ధకాలంలో రైన్ లోయలో స్థిరపడ్డారు.

చిన్నతనం నుండి ఈయనకు కార్ల మీద మక్కువ ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే, ఇంకా యుక్తవయసు రాకముందే, కారు నడపడం నేర్చుకున్నాడు. తండ్రి మరణించిన తరువాత కుటుంబ సభ్యులు విశ్వవిద్యాలయంలో చదవమని కోరినా అంగీకరించక, ఆహెన్ నగరంలోని ఫాఫ్‌నీర్ కార్ల కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరాడు. 1922లో బెర్లిన్ నగరంలోని ఆవుస్ రేసు మార్గంపై ఆ సంస్థ కారుతోనే మొదటిసారి పోటీలో పాల్గొని నాలుగవ స్థానం పొందాడు.

యుద్ధానంతరం ఆహెన్ ప్రాంతం బెల్జియం సైన్యం ఆధీనంలో ఉండేది. 1923లో అక్కడ ఒక సైనికాధికారితో ఘర్షణ జరగడంతో కరాచోలా ఆ ఊరు విడిచి డ్రెస్డెన్ చేరుకున్నాడు. అక్కడ డైమ్లర్ సంస్థ వారి దుకాణంలో కార్లు అమ్మే ఉద్యోగం దొరికింది. వారాంతాలలో సంస్థ వారి మెర్సిడెస్ కారుతో చిన్నచిన్న పందేలలో, కొండదారి పోటీలలో పాల్గొంటూ వరుసగా గెలవసాగాడు.

మొదటి విజయాలు

1926 జూలై 11న ఆవుస్ మార్గంపై మొట్టమొదటి జర్మన్ గ్రాండ్ ప్రి జరిగింది. సంస్థ అధికారికంగా పాల్గొనకపోయినా, కరాచోలా అడిగి ఒక ఎనిమిది సిలిండర్ల కారును తీసుకున్నాడు. పందెం మొదలయ్యేటప్పుడు కారు ఆగిపోయింది. మెకానిక్ దిగి కారును తోసి, ఇంజను తిరిగి మొదలయ్యేసరికి ఒక నిముషానికి పైగా ఆలస్యమైంది. తరువాత కుండపోతగా వాన కురిసింది. ఇతర డ్రైవర్లు వేగం తగ్గించగా, కొందరు అదుపు తప్పగా, కరాచోలా ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయాడు. వానలో ఏ కారు ఎక్కడుందో కనిపించకపోవడం వలన, పందెం ముగిసేవరకు తానే గెలిచిన సంగతి ఈయనకు తెలియలేదు. ఆ బహుమతి సొమ్ముతో బెర్లిన్‌లో కార్ల దుకాణం తెరిచాడు. అదే సంవత్సరం షార్లోట్‌ను వివాహం చేసుకున్నాడు.

1926లోనే డైమ్లర్, బెంజ్ సంస్థలు విలీనమై డైమ్లర్-బెంజ్ ఏర్పడింది. 1927లో కొత్తగా నిర్మించిన నూర్బర్గ్‌రింగ్ మార్గంపై జరిగిన ప్రారంభ పోటీని, 1929లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్డ్స్ మార్గంపై జరిగిన టూరిస్ట్ ట్రోఫీని ఈయన గెలుచుకున్నాడు. 1931లో ఇటలీలో సుమారు 1,600 కి.మీ. పొడవున సాగే మిల్లె మిలియా పందెంలో ఎస్‌ఎస్‌కెఎల్ కారుతో విజయం సాధించాడు. ఆ పందెం గెలిచిన మొదటి విదేశీయుడు ఈయనే. ఆ పందెంలో ఈయన సగటు వేగం గంటకు 101 కి.మీ. 

ఆర్థిక మాంద్యం కారణంగా 1931 చివరికి మెర్సిడెస్-బెంజ్ పందేల నుండి తప్పుకున్నది. 1932లో కరాచోలా ఇటలీకి చెందిన ఆల్ఫా రోమియో జట్టులో చేరి, ఆ సంవత్సరపు జర్మన్ గ్రాండ్ ప్రిని గెలుచుకున్నాడు.

మొనాకో ప్రమాదం, భార్య మరణం

1933లో ఆల్ఫా రోమియో కూడా పందేల నుండి వైదొలగింది. అప్పుడు కరాచోలా తన మిత్రుడు లూయి షిరోన్‌తో కలిసి సొంత జట్టును ఏర్పాటు చేసుకున్నాడు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో మొనాకో గ్రాండ్ ప్రికి ముందు అభ్యాసం చేస్తుండగా, ఒక మలుపు వద్ద బ్రేకులు సరిగా పనిచేయక కారు రాతి గోడకు గుద్దుకున్నది. కుడి తొడ ఎముక, తుంటి తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఇక కారు పందేలలో పాల్గొనడం అసాధ్యమని వైద్యులు భావించారు. నెలల తరబడి కట్టులో ఉన్న తరువాత కుడి కాలు ఎడమ కాలి కంటే సుమారు 5 సెంటీమీటర్లు పొట్టిదయింది. ఆ నొప్పి ఈయనను జీవితాంతం విడువలేదు.

ఈ కాలమంతా షార్లోట్ ఈయనకు సేవ చేసింది. 1934 ఫిబ్రవరిలో ఆమె స్విట్జర్లాండ్ కొండలలో మంచుపై స్కీయింగ్ చేస్తుండగా హిమపాతం విరుచుకుపడి మరణించింది. కరాచోలా కొంతకాలం ఇంటినుండి బయటకు రాలేదు. ఏప్రిల్‌లో మొనాకో గ్రాండ్ ప్రికి ముందు ప్రేక్షకుల ఎదుట ఒక చుట్టు కారు నడపమని షిరోన్ పట్టుబట్టి ఒప్పించాడు. ఆ చుట్టు తరువాత తిరిగి పందేలలో పాల్గొనాలని ఈయన నిశ్చయించుకున్నాడు.

రెండు సంస్థల పోటీ

1934 నుండి గ్రాండ్ ప్రి కార్లకు కొత్త నియమం వచ్చింది. ఇంధనం, నూనె, నీరు, టైర్లు లేకుండా కారు బరువు 750 కిలోలకు మించరాదు. బరువు తగ్గితే వేగం కూడా తగ్గుతుందని నియమం చేసినవారు అనుకున్నారు. కానీ ఇంజను పరిమాణానికి హద్దు లేకపోవడంతో, తేలికైన లోహాలతో పెద్ద ఇంజన్లు తయారుచేసి జర్మన్ సంస్థలు ఆ అంచనాను తలక్రిందులు చేశాయి.

ఆ సమయానికి జర్మనీలో నాజీ ప్రభుత్వం ఏర్పడింది. కారు పందేలను దేశ ప్రతిష్ఠకు సాధనంగా భావించి, ఆ ప్రభుత్వం మెర్సిడెస్-బెంజ్, ఆటో యూనియన్ సంస్థలు రెండింటికీ ధనసహాయం అందించింది. దానితో ఒకే దేశానికి చెందిన రెండు సంస్థల మధ్య తీవ్రమైన పోటీ మొదలయింది. రెండు జట్ల ఆలోచనా విధానాలు వేరు. మెర్సిడెస్ కార్లలో ఎనిమిది సిలిండర్ల ఇంజను ముందు భాగంలో ఉండేది. ఆటో యూనియన్ కారును ఫెర్డినాండ్ పోర్షే రూపొందించాడు. అందులో పదహారు సిలిండర్ల ఇంజను డ్రైవరు వెనుక ఉండేది. ఇంజను వెనుక ఉంచే ఈ పద్ధతినే తరువాతి కాలంలో గ్రాండ్ ప్రి కార్లన్నీ అనుసరించాయి.

మెర్సిడెస్ జట్టుకు ఆల్‌ఫ్రెడ్ నొయ్‌బవర్ నిర్వాహకుడు. 1935లో కరాచోలా యూరోపియన్ ఛాంపియన్ అయ్యాడు. అదే సంవత్సరం జూన్‌లో నూర్బర్గ్‌రింగ్‌పై, అంతకుముందు మోటారు సైకిళ్లు నడిపిన రోజ్‌మేయర్ ఆటో యూనియన్ కారుతో ఈయనను చివరి వరకు వెంటాడాడు. కరాచోలా రెండు సెకన్ల లోపు తేడాతో మాత్రమే గెలిచాడు. 1936లో మెర్సిడెస్ కొత్త కారు సరిగా కుదరలేదు. ఆ సంవత్సరం ఛాంపియన్ పదవి రోజ్‌మేయర్‌కు దక్కింది. స్విస్ గ్రాండ్ ప్రిలో కరాచోలా దారి ఇవ్వలేదన్న విషయమై ఇద్దరి మధ్య బహిరంగంగానే వాగ్వాదం జరిగింది. 1937లో 5.6 లీటర్ల ఇంజను గల డబ్ల్యు 125 కారుతో కరాచోలా తిరిగి ఛాంపియన్ అయ్యాడు. అదే సంవత్సరం ఆలిస్ హాఫ్‌మన్‌ను వివాహం చేసుకున్నాడు.

వేగపు రికార్డుల నియమాలు

గ్రాండ్ ప్రి పందేలతో పాటు, తిన్నని రోడ్డు మీద అత్యధిక వేగం కోసం కూడా ఈ రెండు సంస్థలు పోటీ పడ్డాయి. ఇటువంటి రికార్డులో కారు ముందుగానే పూర్తి వేగం అందుకుని, కొలిచి గుర్తు పెట్టిన ఒక కిలోమీటరు లేదా ఒక మైలు దూరాన్ని దాటుతుంది. ఆ తరువాత నిర్ణీత వ్యవధిలో అదే దూరాన్ని ఎదురు దిశలో కూడా దాటాలి. రెండింటి సగటును రికార్డుగా నమోదు చేస్తారు. ఒక దిశలో వెనుక గాలి గాని, రోడ్డు వాలు గాని కలిసివస్తే, తిరుగు ప్రయాణంలో అదే అడ్డు అవుతుంది. కాబట్టి సగటు తీసినప్పుడు కారు అసలు సామర్థ్యం తెలుస్తుంది. ఇంజను పరిమాణాన్ని బట్టి కార్లను తరగతులుగా విభజించేవారు.

అన్ని తరగతులకు పైన ఉండే ప్రపంచ భూతల వేగపు రికార్డు వేరు. దానికోసం బ్రిటన్ దేశస్థులు విమానాల ఇంజన్లు అమర్చిన భారీ వాహనాలు వాడేవారు. 1935లో మాల్కం కాంప్‌బెల్ అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో గంటకు 484 కి.మీ. దాటాడు. ఆ మైదానం ఎటు చూసినా కిలోమీటర్ల కొద్దీ ఖాళీగా ఉంటుంది. కారు కొంచెం పక్కకు జరిగినా ప్రమాదం లేదు. జర్మన్ ఆటోబాన్‌లో ఒక్కొక్క వైపు రోడ్డు వెడల్పు సుమారు 7.5 మీటర్లు మాత్రమే. మధ్యమధ్య దాని మీదుగా వంతెనలు, ఇరువైపులా అడవి, అడవి మధ్య ఖాళీ స్థలాలు ఉండేవి. ఈ తేడా తరువాత జరిగిన సంఘటనలకు ముఖ్యమైన కారణం.

రోడ్డుపై రికార్డుల పరంపర

1934 అక్టోబర్‌లో హంగేరీలోని గ్యోన్ వద్ద కరాచోలా గంటకు 317 కి.మీ. వేగాన్ని సాధించాడు. 1935 ఫిబ్రవరిలో ఆటో యూనియన్ తరఫున హన్స్ స్టుక్ ఇటలీలో 320 కి.మీ. వేగంతో దానిని దాటాడు. అదే సంవత్సరం జూన్‌లో తాజియో నువొలారి రెండు ఇంజన్లు గల ఆల్ఫా రోమియో కారుతో ఇటలీలోనే 321 కి.మీ. దాటాడు.

1935లో ఫ్రాంక్‌ఫర్ట్ - డార్మ్‌స్టాట్ ఆటోబాన్ ప్రారంభమయిన తరువాత పోటీ అక్కడికి మారింది. 1936 అక్టోబర్‌లో కరాచోలా పన్నెండు సిలిండర్ల ఇంజను అమర్చిన కారుతో గంటకు 366.9 కి.మీ. వేగం అందుకున్నాడు. 1937 అక్టోబర్‌లో రోజ్‌మేయర్ 406.3 కి.మీ. సాధించాడు. మామూలు రోడ్డు మీద గంటకు 400 కి.మీ. దాటిన మొదటి వ్యక్తి అతడే.

ఆ వారంలోనే మెర్సిడెస్ కూడా ప్రయత్నించి విఫలమైంది. కారు 400 కి.మీ. వేగానికి చేరువవుతుండగా ముందు భాగం గాలికి పైకి లేవసాగింది. ముందు చక్రాలు రోడ్డును సరిగా పట్టకపోతే స్టీరింగు తిప్పినా ఫలితం ఉండదు. కరాచోలా ఆ సంగతి గమనించి వేగం తగ్గించాడు. సంస్థ ఆ కారును వెనుకకు తీసుకుపోయింది.

వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగం యొక్క వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. దానిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం యొక్క ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు కారు ఆకారం మారకుండా 366.9 కి.మీ. నుండి 432.7 కి.మీ. వేగానికి చేరాలంటే, వేగం 18 శాతం పెరిగినా శక్తి 60 శాతానికి పైగా పెరగాలి. అందువలన ఇంజను కంటే ముందు కారు ఆకారాన్నే మార్చాలని మెర్సిడెస్ ఇంజనీర్లు నిర్ణయించారు.

విమానాల పరిశోధనకు వాడే గాలి సొరంగంలో కారు నమూనాలను పరీక్షించారు. ముందు భాగాన్ని కిందికి వంచి, వెనుక భాగాన్ని పొడిగించారు. చక్రాలన్నింటినీ రేకులతో కప్పారు. సాధారణంగా కారు ముందు ఉండే రేడియేటర్ ద్వారం నుండి చాలా గాలి లోపలికి పోయి వేగాన్ని తగ్గిస్తుంది. ఆ ద్వారాన్ని పూర్తిగా మూసివేశారు. ఇంజనును చల్లబరచడానికి రేడియేటర్‌ను నీరు, మంచుగడ్డలు నింపిన పెట్టెలో ఉంచారు. పరుగు కొద్ది నిముషాలలో ముగుస్తుంది కనుక ఆ మంచు సరిపోతుంది. ఇంజను పీల్చుకునే గాలి కోసం మాత్రం ముందు రెండు చిన్న రంధ్రాలు ఉంచారు. 5.6 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను రెండు సూపర్‌ఛార్జర్ల సహాయంతో 736 అశ్వశక్తిని ఇచ్చేది. ఈ కారు గాలి నిరోధ గుణకం 0.157. ఇప్పటి సాధారణ కార్లలో ఇది 0.25 నుండి 0.35 వరకు ఉంటుంది.

1938 జనవరి 28

రికార్డు ప్రయత్నాలకు ప్రతి సంవత్సరం అక్టోబర్‌లో ఒక వారం కేటాయించేవారు. ఫిబ్రవరిలో జరిగే బెర్లిన్ మోటారు ప్రదర్శనకు ముందే రికార్డు తిరిగి దక్కించుకోవాలని మెర్సిడెస్ ప్రత్యేక అనుమతి పొందింది. ఈ సంగతి తెలిసిన ఆటో యూనియన్ కూడా తన కారును సిద్ధం చేసుకున్నది. ఆటో యూనియన్ కారు ఇంజను శక్తిలో వెనుకబడి ఉండడం వలన, పక్క రేకులను దాదాపు నేల వరకు దించి, కారు కింద గాలి చొరబడకుండా చేసి ఆ లోటు తీర్చాలని ఇంజనీర్లు భావించారు. దానితో కారు పక్కభాగం పెద్ద గోడ వలె తయారయింది.

జనవరి 28వ తేదీ ఉదయం రోడ్డు మీద మంచు కరిగిన తరువాత కరాచోలా బయలుదేరాడు. గాలి దాదాపుగా లేదు. రెండు దిశలలోను కలిపి ఒక కిలోమీటరు దూరానికి గంటకు 432.7 కి.మీ., ఒక మైలు దూరానికి 432.4 కి.మీ. సగటు వేగం నమోదయింది. అంటే ఒక కిలోమీటరు దూరాన్ని 8.32 సెకన్లలో, ఒక్కొక్క సెకనుకు 120 మీటర్ల చొప్పున దాటాడన్న మాట. ఆ వేగంలో రోడ్డు మీది వంతెనలు సూది బెజ్జాల వలె ఇరుకుగా కనిపించేవని ఈయన తరువాత చెప్పుకున్నాడు.

తెలుగు పాఠకులకు తెలిసిన రోడ్లతో పోల్చుకుంటే ఈ వేగం తేలికగా అర్థమవుతుంది. హైదరాబాదులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు ఉన్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే పొడవు 11.6 కి.మీ. ఈ వేగంతో దానిని ఒక నిముషం 37 సెకన్లలో దాటవచ్చు. కొత్తగూడకు సమీపంలోని గచ్చిబౌలి మీదుగా పోయే బాహ్య వలయ రహదారిపై 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుండి 120 కి.మీ.లకు పెంచారు. ఎనిమిది వరుసల ఆ రహదారి హద్దుకు ఈ వేగం మూడున్నర రెట్ల కంటే ఎక్కువ.

కరాచోలా హోటలుకు తిరిగి వెళ్ళిన తరువాత రోజ్‌మేయర్ వచ్చాడు. అప్పటికి గాలి వీచడం మొదలయింది. మొదటి పరుగులలోనే అతడు గంటకు 430 కి.మీ. దరిదాపులకు చేరుకున్నాడు. మధ్యాహ్నానికి కొద్దిగా ముందు మరొకసారి బయలుదేరాడు. మోర్‌ఫెల్డెన్ సమీపంలో అడవి ముగిసి ఖాళీ స్థలం మొదలయ్యే చోట కారు అదుపు తప్పి, రోడ్డు నుండి పక్కకు తొలగి, పల్టీలు కొట్టి ఒక వంతెన గట్టు వద్ద పడింది. రోజ్‌మేయర్ కారులోనుండి బయటకు విసిరివేయబడి మరణించాడు. అతడి వయసు 28 సంవత్సరాలు. భార్య ఎల్లీ బైన్‌హార్న్ ప్రసిద్ధ విమాన చోదకురాలు. అప్పటికి వారి కుమారుడి వయసు మూడు నెలలైనా నిండలేదు.

అడవి నుండి బయటపడగానే పక్కనుండి బలమైన గాలి తాకడం ప్రమాదానికి కారణమని సాధారణంగా చెబుతారు. ఆ వేగంలో గాలి ఒత్తిడికి కారు పక్క రేకులు నిలవలేకపోయాయని మరికొందరు భావించారు. ఏది ఏమైనా, ఎదుటి గాలిని తగ్గించడానికి చేసిన మార్పు పక్క గాలి తాకిడిని పెంచింది. ఆ ఉదయం రెండు కార్ల వేగాలలో తేడా గంటకు కొద్ది కిలోమీటర్లు మాత్రమే. ముఖ్యమైన తేడా బయలుదేరిన సమయంలోను, వీచిన గాలిలోను ఉన్నది.

వార్త తెలిసిన కరాచోలా తీవ్రంగా కలత చెందాడు. ఆ తరువాత ఆటో యూనియన్ వేగపు రికార్డుల పోటీని మానుకున్నది. కరాచోలా 1939 ఫిబ్రవరిలో డెస్సౌ వద్ద మూడు లీటర్ల తరగతిలో గంటకు 398 కి.మీ. సాధించాడు గాని, 432.7ను దాటే ప్రయత్నం ఈయన గాని, మరొకరు గాని జర్మన్ రోడ్ల మీద చేయలేదు. ప్రపంచ భూతల రికార్డు కోసం మెర్సిడెస్ తయారుచేసిన టి 80 అనే ఆరు చక్రాల వాహనం యుద్ధం రావడంతో ఒక్కసారైనా పరుగు తీయలేదు.

యుద్ధకాలం

1938లో కరాచోలా మూడవసారి యూరోపియన్ ఛాంపియన్ అయ్యాడు. 1939లో వానలో జరిగిన జర్మన్ గ్రాండ్ ప్రిని ఆరవసారి గెలిచాడు. అదే ఈయన చివరి పెద్ద విజయం.

అప్పటి జర్మన్ డ్రైవర్లందరి వలె ఈయన కూడా నాజీల మోటారు దళంలో సభ్యుడుగా ఉండవలసి వచ్చింది. అయితే నాజీ పార్టీలో చేరలేదు. అదే సమయంలో ఈయన విజయాలను ఆ ప్రభుత్వం తన ప్రచారానికి విరివిగా వాడుకున్నది. ఈయన నివాసం మాత్రం స్విట్జర్లాండ్‌లోని లుగానో పట్టణం. యుద్ధకాలమంతా అక్కడే గడిపాడు. 1942లో జర్మనీ నుండి సంస్థ పంపే భత్యం నిలిచిపోయింది. 1946లో ఈయనకు స్విస్ పౌరసత్వం లభించింది.

చివరి సంవత్సరాలు

1946లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో పాల్గొనడానికి కరాచోలా అమెరికా వెళ్ళాడు. నడపాలనుకున్న మెర్సిడెస్ కారును సకాలంలో స్విట్జర్లాండ్ దాటించలేకపోవడంతో, అక్కడ లభించిన మరొక కారుతో అభ్యాసం చేశాడు. అప్పుడు ఏదో వస్తువు తలకు తగిలి స్పృహ కోల్పోవడంతో కారు గోడకు గుద్దుకున్నది. యూరప్‌లో డ్రైవర్లు గుడ్డ టోపీ ధరించేవారు. అమెరికాలో నిర్వాహకులు పట్టుబట్టి గట్టి శిరస్త్రాణం పెట్టించడం వలన ఈయన ప్రాణం దక్కింది. కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది.

1952లో మెర్సిడెస్ తిరిగి పందేలకు వచ్చినప్పుడు, 51 సంవత్సరాల వయసులో కరాచోలా 300 ఎస్‌ఎల్ కారుతో మిల్లె మిలియాలో నాలుగవ స్థానం సాధించాడు. అదే నెలలో బెర్న్‌లో జరిగిన పోటీలో కారు చెట్టును గుద్దుకుని ఎడమ తొడ ఎముక విరిగింది. దానితో పందేల జీవితం ముగిసింది. తరువాత మెర్సిడెస్-బెంజ్ సంస్థ అమ్మకాల విభాగంలో పనిచేశాడు. కాలేయ వ్యాధితో 1959 సెప్టెంబర్ 28న జర్మనీలోని కాసెల్ నగరంలో మరణించాడు. లుగానోలో ఖననం చేశారు.

రికార్డు తరువాతి చరిత్ర

కరాచోలా నడిపినది రికార్డు కోసమే తయారుచేసిన ప్రత్యేక వాహనం. అమ్మకానికి తయారయ్యే కార్లు ఆ వేగానికి చేరుకోవడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. 2005లో బుగాటి వేరాన్ కారు జర్మనీలోని ఏరా-లెస్సియెన్ పరీక్షా మార్గంపై గంటకు 408 కి.మీ. దాటింది. 2007లో అమెరికాకు చెందిన ఎస్‌ఎస్‌సి సంస్థ కారు 412 కి.మీ. సాధించింది. దానికి జవాబుగా 2010లో 1,200 అశ్వశక్తి గల బుగాటి వేరాన్ సూపర్ స్పోర్ట్ 431 కి.మీ. అందుకున్నది. అది కూడా 1938 నాటి 736 అశ్వశక్తి కారు కంటే తక్కువే.

2014లో హెన్నెస్సీ సంస్థ కారు 435 కి.మీ. చేరినా, అది విమానాల రన్‌వే మీద ఒకే దిశలో చేసిన పరుగు. చివరకు 2017 నవంబర్ 4న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, రాకపోకలు నిలిపివేసిన ఒక రోడ్డుపై స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్ అజేరా ఆర్‌ఎస్ కారు రెండు దిశల సగటున ఒక కిలోమీటరు దూరానికి గంటకు 445 కి.మీ. దాటింది. దానితో కరాచోలా రికార్డు ముగిసింది. 2019లో బుగాటి కారొకటి పరీక్షా మార్గంపై, ఒకే దిశలో, 490 కి.మీ. చేరింది.

ఈ పోటీలలోను 1938 నాటి సమస్యలే ఎదురయ్యాయి. గాలి నిరోధాన్ని తగ్గించాలి, అదే సమయంలో చక్రాలు నేలను విడువకుండా చూడాలి, ఇంజనును చల్లబరచాలి, టైర్లు తట్టుకోవాలి. ఇప్పటి ప్రయత్నాలు చాలావరకు పరీక్షా మార్గాలకు, రన్‌వేలకు పరిమితం కావడానికి మోర్‌ఫెల్డెన్ వద్ద జరిగినటువంటి ప్రమాదాల భయమే ముఖ్య కారణం.

గుర్తింపు

నూర్బర్గ్‌రింగ్‌లోని ప్రసిద్ధమైన వంపు మలుపునకు 2001లో, ఈయన శతజయంతి సందర్భంగా, కరాచోలా పేరు పెట్టారు. స్వస్థలమైన రేమాగెన్‌లో స్మారకం ఉన్నది. ఈయన బహుమతులు ఇండియానాపొలిస్ స్పీడ్‌వే ప్రదర్శనశాలకు చేరాయి. 432.7 కి.మీ. వేగం సాధించిన కారు స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్-బెంజ్ ప్రదర్శనశాలలో ఉన్నది. రోజ్‌మేయర్ మరణించిన చోట ఆటోబాన్ పక్కన ఒక స్మారక శిల ఉన్నది.

ముఖ్యమైన విజయాలు

* 1926, 1928, 1931, 1932, 1937, 1939 - జర్మన్ గ్రాండ్ ప్రి
* 1929 - టూరిస్ట్ ట్రోఫీ, ఆర్డ్స్
* 1931 - మిల్లె మిలియా
* 1935, 1937, 1938 - యూరోపియన్ ఛాంపియన్
* 1936 - మొనాకో గ్రాండ్ ప్రి
* 1938 - ఆటోబాన్‌పై గంటకు 432.7 కి.మీ. వేగం